కంసావతీ నది – ఖరగ్‌పూరు ఆంధ్రుల పొరుగు ఏరు

ఖరగ్‌పూరు నుండి మిద్నాపూరునకు పోవు రైలుబండి గోకుల్‌పూరు దాటిన కొంతసేపటికి ఒక పొడవైన వంతెన మీదుగా సాగును. చైత్ర వైశాఖములలో ఆ వంతెన క్రిందికి చూచినవారికి నది కనిపించదు, ఇసుక కనిపించును. ఆ ఇసుక నడుమ ఒక సన్నని నీటిపాయ, దానిచెంత నీళ్లు త్రాగు పశువులు, బట్టలుతుకు మనుష్యులు మాత్రమే కానవత్తురు. ఆ వంతెనపై నుండియే శ్రావణ భాద్రపదములలో చూచినచో, ఒడ్డు నుండి ఒడ్డువరకు ఎఱ్ఱని నీరు సుడులు తిరుగుచు పరుగెత్తుచుండును. ఒకే నదికి ఈ రెండు రూపము లెట్లు కలిగినవి? మానవులు ఈ నదిని కట్టివేయవలెనని చేసిన ప్రయత్నము లెంతవరకు ఫలించినవి? ఈ ప్రశ్నలకు సమాధానము భూగోళశాస్త్రమునం దెంత కలదో, చరిత్రయందును అంత కలదు.

ఈ నది పేరు కంసావతి. వంగదేశీయులు వాడుకలో కాసాయి అనియు, కాంసాయి అనియు పిలుతురు. ఆంగ్లేయుల దస్తరములలో ‘కొస్సై’ అను రూపము కనబడును. ఖరగ్‌పూరునందు కొన్ని తరములుగ నివసించుచున్న ఆంధ్ర కుటుంబములకు గోదావరి పేరు తెలిసినంతగా ఈ నది పేరు తెలియదు. అయినను రైల్వే కాలనీలో వారి బిందెలలో నిండిన నీరు గోదావరిది కాదు; ఈ నదిది. ఆ కారణముచేతనే దీని చరిత్ర తెలిసికొనదగినది.

నది పుట్టుక, నడక

కంసావతి హిమాలయములందు పుట్టిన నది కాదు. మంచు కరగి వచ్చు నీరు దీనికి లేదు. ఛోటా నాగపూరు పీఠభూమి తూర్పు అంచున, పురులియా జిల్లాలో ఝాల్దా సమీపమునగల కొండలలో ఇది జన్మించినది. పుట్టినచోట ఇది ఒక వాగు. వర్షాకాలమున కొండచరియల నుండి దిగు అట్టి వాగులు అనేకములు కలిసి దీనికి నది అను పేరు తెచ్చినవి. అక్కడినుండి ఇది ఆగ్నేయదిశగా సాగును.

పై భాగమున నది నడచు నేల మిక్కిలి పురాతనమైన కఠినశిల. ఆ రాతిపై మట్టి పలుచన. గట్టులు, మిట్టలు, వాని నడుమ వరిమళ్లు, చెరువులు – ఇది పురులియా ప్రాంతపు స్వరూపము. ఈ నదీతీరమున దేవుల్‌ఘాటా అను చోట ఇటుకతో కట్టిన ప్రాచీన దేవాలయములు నేటికిని నిలిచియున్నవి. ఈ పరిసరములలో జైనశిల్పములు విరివిగ దొరకినవి. నేడు వెనుకబడిన మెట్టభూమిగ పేరుపడిన ఈ సీమ ఒకప్పుడు వర్తకులు నడచిన దారియనియు, సంపన్నులు గుడులు కట్టించిన చోటనియు ఆ శిథిలములు తెల్పుచున్నవి.

పిదప నది బాంకుడా జిల్లాలో ప్రవేశించును. ముకుట్‌మణిపూరు వద్ద పురులియా కొండలలోనే పుట్టిన కుమారీ నది దీనితో కలియును. ఆ దిగువన రాయ్‌పూరు, లాల్‌గఢ్ ప్రాంతముల సాలవనముల మీదుగా, భైరవబాంకి మొదలగు ఏళ్లను కలుపుకొని, మిద్నాపూరు పట్టణము నానుకొని ప్రవహించును. ఇచ్చట నేల ఎఱ్ఱని తుప్పురాయి. ఖరగ్‌పూరు నివాసులు నూతులు త్రవ్వునపుడు గునపమునకు తగులు రాయి ఇదియే.

మిద్నాపూరు దాటిన తరువాత నది స్వభావము మారిపోవును. మెట్ట ముగిసి పల్లము వచ్చును. కపాస్‌టిక్రి అను చోట నది రెండు పాయలగును. ఒక పాయ దాస్‌పూరు పొలముల మీదుగా రూపనారాయణ నదిలో కలియును. రెండవ పాయ పాన్స్‌కురా ప్రక్కగా దిగివచ్చి, కేలేఘాయి నదితో కూడి, హల్దీ అను పేరు దాల్చి, హల్దియా రేవు వద్ద హుగ్లీలో లీనమగును. కొండలు మొదలు ఈ సంగమము వరకు దీని పొడవు సుమారు 465 కిలోమీటర్లు. కొండ, మెట్ట, డెల్టా – ఈ మూడు సీమలను ఒక్క నది దాటుచున్నది. దాని కష్టసుఖములన్నియు ఈ మూడింటి భేదమునుండియే పుట్టినవి.

నీటి లెక్క

ఈ పరీవాహక ప్రదేశమున సాలీనా కురియు వర్షము సుమారు 1300 మొదలు 1500 మిల్లీమీటర్లు. ఇది తక్కువ వర్షము కాదు. రాయలసీమలో అనేక తాలూకాలు ఇందులో సగము కూడ ఎరుగవు. అయినను పురులియా కరవునకు పేరుపడినది. కారణ మేమన, ఆ వర్షములో దాదాపు అయిదింట నాలుగు పాళ్లు జ్యేష్ఠము చివరనుండి ఆశ్వయుజమువరకుగల నాలుగు నెలలలోనే పడును. అందులోను అధికభాగము కొలది దినముల కుంభవృష్టిగ వచ్చును. పలుచని మట్టి కొంత త్రాగును. క్రిందనున్న రాయి త్రాగనే త్రాగదు. మిగిలిన నీరు వాలువెంబడి వాగులలోనికి, వాగులనుండి నదిలోనికి గంటల వ్యవధిలో చేరును.

హిమాలయ నదులకు మంచు ఒక ధనాగారము. వేసవిలో అది కొద్దికొద్దిగ కరగి నదిని పోషించును. మెట్టనదులకు అట్టి ధనాగారము భూగర్భజలమొక్కటే. కఠినశిలలో ఆ నిలువ స్వల్పము. కనుక వానలు వెనుకబట్టిన రెండుమూడు నెలలకు నది సన్నగిల్లును. ఫాల్గుణము నాటికి ఇసుక తేలును. అయినను నది పూర్తిగ ఎండినదని తలచుట పొరపాటు. ఇసుక తిన్నెల అడుగున నీరు మెల్లగ నడచుచునే యుండును. ఆ ఇసుక తాను వడపోసిన నీటిని ఎండ తగులకుండ దాచి కాపాడును. పల్లెల స్త్రీలు చెలమలు తీసి ఆ నీరు తోడుకొందురు.

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి వచ్చినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. నాగావళి, వంశధార నదులును ఇట్టివే. రెండును ఒడిశా కొండలలో పుట్టి, సుమారు 250 కిలోమీటర్ల దూరము పరుగెత్తి సముద్రమున పడునవి. కొండలలో వాన కురిసిన మరునాటికి శ్రీకాకుళము వద్ద నాగావళి పొంగును. వేసవిలో అదే నదిలో చెలమలు తీయుదురు. పొట్ట చేతపట్టుకొని ఉత్తరమునకు వచ్చిన ఆంధ్రుడు పేరు మారిన తన ఏటినే ఇచ్చటను చూచినాడనవచ్చును.

కంసావతికి మరియొక చిక్కు కలదు. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండములు సాధారణముగ వాయవ్యదిశగా సాగును. కంసావతి అందుకు ఎదురుగ, ఆగ్నేయముగ ప్రవహించును. అందుచేత వాయుగుండము మొదట పల్లపు డెల్టాను తడిపి, పిదప మెట్టమీదికి, ఆపైన కొండలమీదికి పోవును. కొండలలో పడిన నీరు క్రిందికి దిగివచ్చునప్పటికి పల్లపు పొలములు అప్పటికే నిండియుండును. ఆ సమయమున అమావాస్యయో పున్నమియో అయినచో హుగ్లీ, రూపనారాయణ, హల్దీ నదులలో సముద్రపు పోటు పైకెగసి వరదను వెనుకకు నెట్టును. పైనుండి నీరు, క్రిందినుండి పోటు. దాస్‌పూరు, ఘాటాల్ ప్రాంతములు ఏటేట మునుగుటకు ఇది ముఖ్యకారణములలో ఒకటి. ఘాటాల్‌ను ముంచునది శిలావతి, దాస్‌పూరును ముంచునది కంసావతి పాయ. రెండును చేరునది ఆ రూపనారాయణయే.

ఈ ముంపునకు భయపడి పూర్వమునుండి జమీందారులు, పిదప ప్రభుత్వమువారు నదికి ఇరువైపుల గట్లు పోయించిరి. గట్టు పోసిన కొన్నియేండ్లు ఊరు రక్షింపబడినది. కాని పూర్వము పొలములపై పరచుకొన్న ఒండ్రుమట్టి అప్పటినుండి గట్ల నడుమనే పేరుకొని, నదీగర్భము క్రమక్రమముగ పెరిగినది. గట్టు తెగినప్పుడు అపాయము పూర్వముకన్న అధికమైనది. ఈజిప్టులో నైలునదిపై పనిచేసి పేరుగాంచిన సర్ విలియమ్ విల్‌కాక్స్ కలకత్తా విశ్వవిద్యాలయమున ఉపన్యాసములిచ్చుచు, ఒండ్రుతో కూడిన వరదనీటిని పొలములపై పారించుటయే ప్రాచీన వంగదేశపు సేద్యపద్ధతియనియు, గట్లు ఆ పద్ధతిని చెరచినవనియు వాదించినాడు. ఆయన మాటలు ముఖ్యముగ దామోదర, భాగీరథులను గూర్చినవి. కాని కంసావతి దిగువభాగపు గతి ఆ వాదమును జ్ఞప్తికి తెచ్చుచున్నది.

పూర్వస్మృతులు

కాళిదాసు రఘువంశమున రఘుమహారాజు దిగ్విజయయాత్ర వర్ణింపబడినది. వంగదేశమును జయించిన రఘువు కపిశ అను నదిని ఏనుగుల బారును వంతెనగ చేసి దాటి, ఉత్కలులు దారిచూప కళింగాభిముఖుడై పోయినట్లు అందు చెప్పబడినది. ఆ కపిశయే నేటి కాసాయి యని పలువురు పండితుల అభిప్రాయము. కపిశ మనగ ఎఱుపు కలసిన గోధుమవన్నె. వర్షాకాలమున తుప్పురాతి మట్టిని కలుపుకొని ప్రవహించు ఈ నదికి ఆ పేరు తగియున్నది. ఆ కావ్యమునకు మిక్కిలి ప్రసిద్ధమైన సంజీవినీ వ్యాఖ్యను వ్రాసిన మల్లినాథసూరి తెలుగుదేశమునందలి కొలచాలకు చెందినవాడు. అనగా ఈ నది దాటిన కథను భారతదేశపు విద్యార్థులందరికిని బోధించిన గురువు ఆంధ్రుడే.

రఘువు నడచినదిగ చెప్పబడిన ఆ దారి కవికల్పితము కాదు. వంగమునుండి కళింగమునకు, అక్కడినుండి వేంగికి పోవు తీరమార్గము అదియే. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని తొలి రాజధాని కళింగనగరము. అది వంశధారా తీరమునందలి ముఖలింగమని చరిత్రకారులు తలచుచున్నారు. ఆయన తన రాజ్యమును గోదావరీ తీరమునుండి గంగాతీరమువరకు విస్తరింపజేసినాడు. వంశధారయు, కంసావతియు నాడు ఒక్క రాజు ఏలుబడిలోనివి. పదునైదవ శతాబ్దమున గజపతి కపిలేంద్రదేవుని కాలమున మిద్నాపూరు మండలము, రాజమహేంద్రవరము, కొండవీడు ఒకే సింహాసనమునకు లోబడినవి. ఆ తరువాత జగన్నాథయాత్రకు పోవు వంగదేశీయులు ఈ దారినే మిద్నాపూరు మీదుగా నడచిరి. రైలుమార్గము వేసిన ఇంజనీర్లు క్రొత్తదారి కనుగొనలేదు. ఏనుగులు, యాత్రికులు నడచిన బాటకు ఇనుపకమ్ములు పరచిరి.

1760లో మిద్నాపూరు ఈస్టిండియా కంపెనీ హస్తగతమైనది. కంసావతి ఎగువనగల అడవిసీమను వారు జంగిల్ మహళ్లనిరి. శిస్తు భారమును, తమ భూములు పోవుటయు సహింపలేక ఆ సీమవాసులు పలుమారులు తిరుగబడిరి. 1798–99 నాటి అలజడి వానిలో ముఖ్యమైనది. నదికి ఎగువన అడవి, దిగువన మాగాణి. ఎగువన తిరుగుబాటు, దిగువన శిస్తు – ఆ శతాబ్దపు చరిత్ర స్థూలముగ ఇట్టిది.

ఆనకట్ట కథ

మిద్నాపూరు ప్రక్కన మోహన్‌పూరు వద్ద నదికి అడ్డముగ ఒక కట్ట కలదు. అచ్చటి జనులు దానిని ‘అనికట్’ అందురు. ఆ మాట వంగభాషది కాదు. ఆంగ్లము అంతకన్న కాదు. తమిళులు అణైక్కట్టు అనునదియు, మనము ఆనకట్ట అనునదియు ఆంగ్లేయ ఇంజనీర్ల నోటబడి ‘అనికట్’ అయినవి. దక్షిణదేశపు మాట కంసావతీ తీరమునకు ఎట్లు చేరినది?

కావేరిపై పనిచేసి అనుభవము గడించిన సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట ప్రారంభించి, 1852 నాటికి పూర్తిచేసెను. కరవుకాటకములతో కృశించిన గోదావరి మండలము ఆ తరువాత అన్నపూర్ణ యైనది. ఆ విజయము చూచి, ఒడిశాలో మహానదికిని అట్టి ఉపాయమే చెప్పవలసినదిగ ప్రభుత్వమువారు ఆయనను కోరిరి. 1858లో ఆయన ఆ ప్రాంతమును పరిశీలించి నివేదిక సమర్పించెను. ఆ ఆలోచనల ఫలితముగ ఈస్టిండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడినది. ఒడిశానుండి కలకత్తా వరకు పడవలు నడచు కాలువలు, వానికి ఇరువైపుల సేద్యము – ఇది వారి కల. అందులో భాగముగనే మిద్నాపూరు కాలువ వెలసినది. కంపెనీ ధనము చాలక కుంటువడగా 1868 ప్రాంతమున ప్రభుత్వమే పనులను కొనివేసినది. 1870 దశకారంభమునకు కాలువ వినియోగములోనికి వచ్చినది. మోహన్‌పూరు ఆనకట్టనుండి బయలుదేరి, పాన్స్‌కురా మీదుగా, రూపనారాయణ, దామోదర నదులను దాటి, ఉలుబేరియా వద్ద ఆ కాలువ హుగ్లీని చేరినది.

పడవలు నడచినవి. కలకత్తానుండి మిద్నాపూరునకు సరకులు, ప్రయాణికులు ఈ జలమార్గముననే వచ్చిరి. పొలములకును నీరు పారినది. కాని గోదావరి ఫలితము ఇచ్చట రాలేదు. కారణము నదులలోని భేదమే. గోదావరి మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన భూమినుండి నీరు తెచ్చునది. కంసావతి పరీవాహకము పదివేల చదరపు కిలోమీటర్లకు అటునిటు. ఆనకట్ట యనగ నదిలో నడచు నీటిని కొంత ఎత్తునకు లేపి కాలువలోనికి మళ్లించు సాధనము. అది నీటిని నిలువచేయు జలాశయము కాదు. నదిలో నీరున్న కాలమున మంచి వాన కురియుచుండుటచే రైతునకు కాలువనీరు అక్కరలేదు. నీటితీరువ ఎందుకు చెల్లించవలెనని అతడు వెనుదీసెను. వాన మొగము చాటువేసి రైతు ఆకాశమువంక చూచునప్పుడు నదియును సన్నగిల్లియుండును. సమృద్ధిలో నిరుపయోగము, కరవులో అసమర్థము – ఇట్లు చిన్ననదిపై ఆనకట్ట చిక్కులో పడినది. పెట్టిన మూలధనమునకు తగిన రాబడి రాలేదు. అయినను ఆ కాలువ వ్యర్థమని చెప్పరాదు. వాన కొలది దినములు వెనుకబడిన సంవత్సరములలో దానిక్రింది వరి బ్రదికినది. ఆ రైతులకు అది స్వల్పలాభము కాదు.

రైలు, నీరు, అడవి

కాటన్ జీవితాంతము ఒక వాదము చేసెను. హిందూదేశమునకు కావలసినవి ఇనుపదారులు కావు, నీటిదారులు. రైలు సరకును మోయునే గాని పంటను పండింపదు అని. ప్రభుత్వమువారు ఆయన మాటను పూర్తిగ మన్నింపలేదు. 1899 జూలైలో ఆయన ఇంగ్లండులో మరణించెను. సరిగా ఆ దినములలోనే బెంగాల్ నాగపూరు రైల్వేవారు ఖరగ్‌పూరు ప్రాంతమున పట్టాలు వేయుచుండిరి. 1900లో రూపనారాయణపై కోలాఘాట్ వంతెన పూర్తియై, హౌరావరకు రైలు నడచినది. మిద్నాపూరు కాలువపై ప్రయాణికుల పడవలకు గిరాకి తగ్గిపోయినది. కాలువకును రైలునకును జరిగిన పోటీలో కాలువ ఓడిన చోట్లలో ఖరగ్‌పూరు పరిసరము ఒకటి.

ఆ రైలే ఆంధ్రులను ఇచ్చటికి తెచ్చినది. వాల్తేరునుండి కటకమువరకుగల తూర్పుతీర రైలుమార్గము 1902లో బెంగాల్ నాగపూరు రైల్వేలో కలిసినది. ఖరగ్‌పూరునందు వర్కుషాపు, లోకోషెడ్డు, విశాలమైన కాలనీ వెలసినవి. హౌరా, నాగపూరు, మద్రాసు, ఆద్రా దిక్కుల దారులు కూడిన ఆ జంక్షనులో పని దొరకునని విని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములనుండి వేలకొలది జనులు వచ్చిరి. ఫిట్టర్లు, ఫైర్‌మెన్, గ్యాంగ్‌మెన్, గుమాస్తాలు అయిరి. మథురాకాఠి, నింపురా వంటి పేటలలో తెలుగు మాట వినవచ్చుట అప్పటినుండియే. 1927లో వర్కుషాపు కార్మికుల సమ్మె దేశమంతట పేరు పొందినది. తరువాత రాష్ట్రపతియైన వరాహగిరి వేంకటగిరి ఆ రైల్వే కార్మికసంఘమునకు నాయకత్వము వహించినవాడే.

ఈ పట్టణమును నదియొడ్డున కట్టక, కొన్ని మైళ్ల దూరమున తుప్పురాతి మిట్టపై కట్టుటకు కారణము స్పష్టము. ఆ మిట్ట వరదకు అందదు. బరువైన కట్టడములను మోయగలదు. సేద్యమునకు పనికిరాని భూమి గనుక విస్తారముగ దొరకినది. అయితే అచ్చట నీరు లేదు. ఆవిరియంత్రమునకు బొగ్గెంత అవసరమో నీరంత అవసరము. ఒక్కొక్క పెద్ద ఇంజను వేలకొలది గ్యాలనుల నీటిని టెండరులో నింపుకొనవలెను. దినమునకు ఎన్నో ఇంజనులు. వానికి తోడు వేలకొలది కుటుంబములు. ఈ దాహము తీర్చుటకు కంసావతి ఇసుకయే శరణ్యమైనది. వేసవిలో పైకి ఎండినట్లు కనిపించు నది, తన ఇసుక అడుగున దాచిన నీటితో యంత్రములను, మనుష్యులను పోషించినది. పల్లెపడుచు చెలమ తీసి ముంచుకొన్న నీటినే రైల్వేవారు పంపులతో తోడిరి, భేదము పరిమాణమునందే.

నదికి రైలు చేసిన ప్రత్యుపకార మేమి? ఈ లెక్క సుఖదాయకము కాదు. పట్టాలక్రింద పరచు స్లీపరులకు సాలుదుంగలు కావలెను. రైలు వచ్చుటతో జంగిల్ మహళ్ల కలప దూరపు విపణులకు పోవుట సుళువైనది. జమీందారులు అడవులను గుత్తలకిచ్చిరి. కొన్ని దశాబ్దములలో పెద్దచెట్లు పోయి, మొదళ్లు, పొదలు మిగిలినవి. ఆకుల దుప్పటి లేని నేలపై వాన నేరుగా కొట్టినది, మట్టి కొట్టుకొనిపోయినది. పూర్వము అడవిలో ఇంకి, మెల్లగ ఊటగా నదిని చేరిన నీరు అటుపిమ్మట ఒక్కమారుగ వరదయై వచ్చినది. వరద పెరుగుట, వేసవిప్రవాహము తరుగుట – ఈ రెండును ఒకే కారణమునకు రెండు ముఖములు.

జలాశయము

స్వాతంత్ర్యానంతరము, ఆనకట్ట చేయలేని పనిని జలాశయము చేయునని ఇంజనీర్లు భావించిరి. 1956 నవంబరు 1వ తేదీన, ఆంధ్రప్రదేశము అవతరించిన ఆ దినముననే, బీహారులోని పురులియా ప్రాంతము పశ్చిమ వంగములో చేర్చబడినది. కంసావతి జన్మస్థానము అప్పటికి వంగరాష్ట్రమునకు దక్కినది. రెండవ పంచవర్ష ప్రణాళికలో, ఆ 1956లోనే, కంసావతి ప్రాజెక్టు ఆరంభమైనది. కుమారీ సంగమమునొద్ద, ముకుట్‌మణిపూరున, ముందు కంసావతికి, పిదప కుమారికి అడ్డముగ మట్టికట్ట పోసిరి. 1970 దశకమునాటికి ఆ పని పూర్తియైనది. కట్ట పొడవు పది కిలోమీటర్లకు పైగా. ఎత్తు 38 మీటర్లు. బాంకుడా, మిద్నాపూరు, హుగ్లీ జిల్లాలలో మూడు లక్షల హెక్టార్లకు మించిన భూమికి నీరిచ్చుట దాని లక్ష్యము.

ఒకపంట భూములు అనేకచోట్ల రెండుపంటల భూములైనవి. కాని మూల్యము లేని లాభము లేదు. కట్టవెనుక పల్లెలు మునిగినవి. తరతరములుగ నదిలోయలో సాగుచేసికొన్న కుటుంబములు, వారిలో గిరిజనులును, చెదరిపోయిరి. మునిగిన ఆ లోయకు పై మెట్టభూములకు నీరు ఎక్కదు, అది దిగువవారిదైనది. నది పుట్టిన పురులియాలో దాహము, నది చేరిన పల్లములో పంట – ఈ వ్యత్యాసము ఇంజనీరు ఒక్కడు తీర్చగలిగినది కాదు.

జలాశయము వరదను పూర్తిగ అడ్డగించునను ఆశయును ఫలింపలేదు. 1978 సెప్టెంబరులో దక్షిణ వంగమంతట ఎడతెగని వాన కురిసినది. నదులన్నియు ఒక్కసారి పొంగినవి. నిండిన జలాశయములలో నీటిని పట్టుటకు చోటు లేక దిగువకు వదలవలసి వచ్చినది. మిద్నాపూరు, హౌరా, హుగ్లీ జిల్లాల పల్లములు సముద్రములైనవి. సేద్యమునకు జలాశయము నిండియుండవలెను. వరదరక్షణకు అది ఖాళీగ నుండవలెను. వర్షాకాలాంతమున ఈ రెండు కోరికలును ఒక్కచోట ఢీకొనును. చిన్నకొండనదికి కట్టిన ప్రతి జలాశయమునకును ఈ ధర్మసంకటము తప్పదు.

అడవిపాఠము

నదికి నిజమైన జలాశయము అడవియని మిద్నాపూరు జిల్లాయే తరువాత ఉదాహరణము చూపినది. 1972లో ఆరాబాడి అను చోట అటవీశాఖాధికారి అజిత్ కుమార్ బెనర్జీ ఒక ప్రయోగము చేసెను. శిథిలమైన సాలవనమును లాఠీతో కాపాడుట మాని, చుట్టునున్న 11 గ్రామముల జనులనే కాపలాదారులను చేసెను. అడవిలో వారికి పని చూపి, అడవి పెరిగినపిదప వచ్చు రాబడిలో 25 శాతము వారిదేనని మాట ఇచ్చెను. నరికినను మొదలు చావకుండుట సాలువృక్షము గుణము. మేకలు, గొడ్డళ్లు దూరముకాగా మొదళ్లు చిగిర్చినవి. సుమారు 1270 హెక్టార్ల అడవి పదిపదునైదేండ్లలో తిరిగి లేచినది. 1990లో కేంద్రప్రభుత్వము ఈ పద్ధతిని దేశమంతటికి సిఫారసు చేసినది. ఆంధ్రప్రదేశమున 1992 ప్రాంతమున ఆరంభమైన వనసంరక్షణ సమితులకు మూలము ఇదియే. గోదావరీతీరము మిద్నాపూరునకు ఆనకట్ట అను మాటను ఇచ్చినది. మిద్నాపూరు ఆంధ్రదేశమునకు అడవిని పంచుకొను పాఠమును ఇచ్చినది. రెండవ కానుక మొదటిదానికి తీసిపోదు.

ఆవిరి యంత్రములు పోయినవి. వానితోపాటు వాని దాహమును పోయినది. బెంగాల్ నాగపూరు రైల్వే 1955 ఆగస్టు 1 నుండి ఆగ్నేయ రైల్వేలో భాగమైనది. 1951లో హిజిలీలో ఆరంభమైన సాంకేతిక విద్యాసంస్థ చుట్టును, పరిశ్రమల చుట్టును పట్టణము విస్తరించినది. మనుష్యుల దాహము నానాటికి పెరుగుచున్నది. పట్టణము నీటికొరకు నేటికిని ఈ నదివంకనే చూచుచున్నది. మరియొకవంక ఇండ్లు కట్టుటకు ఆ నది ఇసుకనే తవ్వి బండ్లకెత్తుచున్నారు. వేసవినీటిని దాచు కొట్టు ఇసుకయని మరచి ఇసుకను మోసికొనిపోవుట, కుండను అమ్మి నీళ్లు కొనుటవంటిది.

ఆంధ్రకుటుంబములకు ఖరగ్‌పూరు నేడు అన్యదేశము కాదు. తాతలు ఉద్యోగమునకు వచ్చిన ఊరు మనుమలకు పుట్టినిల్లైనది. పుట్టినయూరి నదిని పుష్కరమునాడు తలచుకొనుట ఉచితమే. నిత్యము నీరిచ్చు నదిని గుర్తించుట అంతకన్న ముందు చేయవలసిన పని. కంసావతి గొప్పనది కాదు. పుణ్యనదుల పట్టికలో దానికి చోటు లేదు. కాని నాలుగునెలల వానను పన్నెండునెలలు పంచిపెట్టవలసిన భారము దానిపై కలదు. ఎగువన అడవియు, నడుమ ఇసుకయు, దిగువన పారుటకు చోటును మిగిల్చినంతకాలము ఆ భారమును అది మోయగలదు.